పిల్లల పేరున పథకాలు, అవ్వల మీద భారం

వానాకాలం పంట ఇంటికి చేరి దీపావళి దాటాక నారాయణపేట, కోస్గి, మద్దూరు, దామరగిద్ద ప్రాంతాల కూలీలు ముంబయి, పుణె బస్సులెక్కడం పాలమూరుకు కొత్త సంగతేమీ కాదు. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లు పారిన ఊళ్లలో వలస తగ్గిన మాట నిజమే అయినా, కాలువ చేరని మెట్ట ఊళ్లలో కూలీలను కుదిర్చి తీసుకుపోయే గుంపు మేస్త్రీ చేతి నుంచి అడ్వాన్సు తీసుకొని ఇంటికి తాళం వేసే పద్ధతి ఇంకా నడుస్తూనే ఉంది. వెళ్లేవాళ్ల గురించి కథలూ పాటలూ నివేదికలూ చాలానే వచ్చాయి గానీ, ఊళ్లో మిగిలేవాళ్ల గురించి రాసింది తక్కువ. చంకబిడ్డను తల్లి వెంట తీసుకుపోతుంది. బడి ఈడు పిల్లలు, ఒక్కోసారి మూడు నాలుగేళ్ల పిల్లలు కూడా, నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో, ఆ దిక్కు లేకపోతే మేనత్త దగ్గరో పెద్దమ్మ దగ్గరో ఉండిపోతారు. నల్లగొండ జిల్లాలోని దేవరకొండ, చందంపేట తండాల నుంచి హైదరాబాదు కట్టడాల పనికి పోయే కుటుంబాల్లోనూ ఇదే ఏర్పాటు. తండ్రి చనిపోయిన, తండ్రి విడిచిపోయిన, తల్లి మారుమనువుకు వెళ్లిన పిల్లలకైతే ఇది ఆరు నెలల ముచ్చట కాదు. రెక్కలు వచ్చేదాకా వాళ్లకు అదే ఇల్లు.

ఈ పిల్లల కోసం పథకాలు లేవని ఎవరూ అనలేరు. అంగన్‌వాడీ ఉంది, మధ్యాహ్న భోజనం ఉంది, గురుకులాలున్నాయి, కస్తూర్బా విద్యాలయాలున్నాయి, అనాథ పిల్లలకు నెలనెలా నగదు సాయమూ ఉంది. అయితే వీటన్నిటి లెక్కా పిల్లవాడి తలకో, కేంద్రం భవనానికో కట్టి ఉంటుంది. ఆ పిల్లవాడిని పొద్దున్నే లేపి, ముఖం కడిగి, తిండి పెట్టి, జ్వరమొస్తే భుజాన వేసుకొని ఆర్‌ఎంపీ దగ్గరికో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో నడిచే ఆడమనిషి మాత్రం ఆ లెక్కలో కనిపించదు. ఎక్కడైనా ఆమె ప్రస్తావన వచ్చినా సేవాభావం, మాతృహృదయం వంటి మెచ్చుకోళ్లే తప్ప, ఆమె చేస్తున్నది పని అనీ, దానికి సమయం, డబ్బు, తోడు మనిషి, చట్టబద్ధమైన హోదా కావాలనీ ఒప్పుకోవడం అరుదు. పేద వాడల్లో పిల్లల సంరక్షణ మెరుగుపడాలంటే సాయం చేరవలసిన చోటు ముందుగా ఈ ఆడవాళ్ల చేతులే. కొత్త పథకానికి పేరు పెట్టడం కన్నా ఇది కష్టమైన పని.

దేశవ్యాప్తంగా 2024లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, 15 నుంచి 59 ఏళ్ల మధ్య స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూస్తున్నారు. వాళ్లు రోజుకు సగటున 140 నిమిషాలు దీనికే వెచ్చిస్తున్నారు. పురుషులలో ఆ పని చేసేది 21.4 శాతమే, వాళ్ల సమయం 74 నిమిషాలు. వంటావార్పూ నీళ్లు మోయడం ఇల్లూడవడం ఈ లెక్కలోకి రావు, అవి వేరే పద్దు. ఇక్కడ గమనించవలసిందేమిటంటే ఈ సంఖ్యలు 59 ఏళ్ల దగ్గర ఆగిపోతాయి. వలస ఊళ్లలో పిల్లల్ని సాకుతున్న అవ్వలలో చాలామంది ఆ గీత దాటినవాళ్లే.

పత్తి ఏరే రోజుల్లో అలాంటి ఒక ఇంటి దినచర్యను చూస్తే భారం ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. ఇంట్లో నలుగురు పిల్లలనుకుందాం. ఇద్దరు కొడుకు పిల్లలు, ఇద్దరు కూతురు పిల్లలు. అవ్వ తెల్లవారకముందే లేచి అన్నం వండి, చిన్నవాళ్లిద్దరినీ తొమ్మిదింటికి అంగన్‌వాడీలో దింపి కూలికి పోతుంది. ఏరిన కిలోల లెక్కన కూలి కాబట్టి ఆలస్యమైనంత మేరా డబ్బు పోతుంది. సాయంత్రం నాలుగింటికల్లా అంగన్‌వాడీ మూతపడుతుంది, ఆమె చేను నుంచి తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. ఈ మధ్యలోని రెండు రెండున్నర గంటలు ఏ పథకంలోనూ లేని గంటలు. వాటిని పూరించేది మూడో తరగతో నాలుగో తరగతో చదివే పెద్ద మనవరాలు. చెల్లెల్ని ఎత్తుకోవడం, పొయ్యి అంటించడం, బిందెలు నింపడం ఆమె వంతు. చిన్నవాడికి జ్వరమొచ్చిన రోజున బడి మానేసేదీ ఆమెనే. గైర్హాజరు పట్టికలో అది ఆడపిల్ల చదువు మీద పెద్దల అశ్రద్ధగా నమోదవుతుంది. నిజానికి అది అవ్వకు రెండో మనిషి లేకపోవడం.

తిండి విషయంలోనూ ఇదే తికమక. ఏడు నెలల నుంచి మూడేళ్లలోపు బిడ్డకు అంగన్‌వాడీ ద్వారా నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్టు, 16 గుడ్లు ఇస్తారు. రోజుకు వంద గ్రాముల లోపు చొప్పున ఒక్క బిడ్డకు నెల సరిపోవాలన్నది దాని లెక్క. నలుగురు పిల్లలున్న ఇంట్లో తియ్యటి పిండి ఒక్కరికే పెట్టి ముగ్గురిని చూస్తూ కూర్చోమనడం ఏ అవ్వకూ సాధ్యం కాదు. ప్యాకెట్టు వారం పది రోజుల్లో అయిపోతుంది. తూకం వేసేనాటికి బిడ్డ బరువు పెరగలేదని తేలితే, సలహా మాత్రం ఆమెకే చెబుతారు. పైగా 2025 జూలై నుంచి ఇంటికిచ్చే రేషన్‌కు పోషణ్ ట్రాకర్ అనే అంగన్‌వాడీ ఫోను యాప్‌లో ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. నమోదైన ముఖం తల్లిదై, ఆ తల్లి పుణెలో ఇటుకలు మోస్తుంటే, ఫోను ముందు ఎవరిని నిలబెట్టాలన్నది టీచరుకూ అవ్వకూ కలిపి వచ్చే తలనొప్పి. వలస వెళ్లే ముందే సంరక్షకురాలిగా అవ్వను నమోదు చేయడం పెద్ద పనేమీ కాదు. దీపావళికి ముందు ఒక వారం దానికోసం కేటాయిస్తే చాలు.

ఆ ఇంటి రాబడి చూద్దాం. వృద్ధాప్య పింఛను 2019 నుంచి నెలకు 2,016 రూపాయలు. కుటుంబానికి ఒక్కటే పింఛను కనుక అవ్వా తాతా ఇద్దరూ ఉంటే ఒక్కరికే వస్తుంది. కొడుకు పంపే డబ్బు ముందుగా మేస్త్రీ అడ్వాన్సుకూ, ఆ తరువాత పాత అప్పు వడ్డీకీ పోగా మిగిలింది ఇంటికి చేరుతుంది. అంటే ఒక ముసలామె తిండికి, మందులకు చాలీచాలకుండా లెక్కగట్టిన పింఛనుతో ఐదుగురు బతకవలసి వస్తోంది.

కేంద్రం బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్య కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్ సాయం సరిగ్గా ఇలాంటి ఇళ్ల కోసమే ఉద్దేశించింది. 2015 నాటి బాలల న్యాయ చట్టం 45వ సెక్షను దీనికి ఆధారం. తల్లి వితంతువైనా, భర్త విడిచిపెట్టినా, పిల్లలు అనాథలై బంధువుల ఇంట పెరుగుతున్నా, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో మంచాన పడినా బిడ్డకు నెలకు 4,000 రూపాయల చొప్పున ఇవ్వవచ్చు. గ్రామాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలు మించకూడదు. కలెక్టరు అధ్యక్షతన ఉండే కమిటీ మంజూరు చేస్తుంది. పింఛనుతో పోలిస్తే ఇది రెట్టింపు సొమ్ము. చేతికి వస్తే ఇంటి గతే మారిపోతుంది.

చేతికి రావడం దగ్గరే కథంతా ఉంది. దరఖాస్తుకు బిడ్డ ఆధార్, జనన ధ్రువీకరణ, తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ, ఆదాయ పత్రం, బడి ఇచ్చే బోనఫైడ్, బ్యాంకు ఖాతా కావాలి. తండాలో ఇంట్లో కాన్పయిన బిడ్డకు జనన ధ్రువీకరణ ఉండదు. బొంబాయిలో కట్టడం మీది నుంచి పడి చనిపోయిన తండ్రి మరణం అక్కడి మున్సిపాలిటీలో నమోదై ఉంటుంది, ఆ కాగితం తెచ్చినవాళ్లు ఎవరూ ఉండరు. విడిచిపోయిన తండ్రి సంగతి మరీ చిక్కు: అతడు బతికే ఉన్నాడు, రేషన్ కార్డులో పేరూ ఉంది, విడిచిపోయినట్టు కాగితం ఎవరూ ఇవ్వరు. అవ్వ ఒక్కో కాగితానికి మీసేవకూ, తహసీల్దారు ఆఫీసుకూ, అక్కడి నుంచి జిల్లా కేంద్రంలోని బాలల పరిరక్షణ విభాగానికీ తిరగాలి. తిరిగిన ప్రతి రోజూ కూలి పోతుంది, బస్సు ఉచితమైనా ఇంటి దగ్గర పిల్లల్ని చూసే మనిషి ఉండదు. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, 2019లో నారాయణపేట విడిపోయాక జిల్లా ఆఫీసు దగ్గరైంది గానీ, కాగితాల జాబితా మాత్రం పొట్టిది కాలేదు. ఈ పని అవ్వ చేయవలసింది కాదు. ఊళ్లోని మహిళా పొదుపు సంఘాల సమాఖ్య అయిన గ్రామైక్య సంఘం లెక్కలు రాసే వీఓఏకో, అంగన్‌వాడీ టీచరుకో కుటుంబానికి ఇంత అని పారితోషికం నిర్ణయించి, పత్రాలు సేకరించే బాధ్యత అప్పగిస్తే ఊరికి పది ఇళ్ల పని ఒక్క సీజనులో తెమిలిపోతుంది. ఇప్పుడు ఈ పని చేసిపెడుతున్నది ఎవరంటే, తెలిసిన టీచరో, ఓపికున్న కార్యదర్శో, లేదా కమీషన్ తీసుకునే మధ్యవర్తో.

సంరక్షకురాలి హోదా ప్రశ్న కూడా ఇక్కడే వస్తుంది. తల్లిదండ్రులు లేని బిడ్డకు చట్టప్రకారం సంరక్షకులుగా ఉండాలంటే 1890 నాటి చట్టం కింద జిల్లా కోర్టుకు పోవాలి. ఏ అవ్వా పోదు. అందువల్ల ఆమె పదేళ్లు సాకినా ఆసుపత్రిలో ఆపరేషన్ కాగితం మీద సంతకానికి, బ్యాంకులో ఖాతాకు, తండ్రి పేర ఉన్న ఎకరం భూమి పట్టా మార్పిడికి ఆమె మాట చెల్లదు. భూమి ఉన్నచోట చిన్నాన్నలు ఆ సందు చూసుకొని ముందుకు రావడం పల్లెల్లో అందరూ ఎరిగిన సంగతే. బాలల సంక్షేమ సమితి ముందు నమోదు చేసి, బంధు సంరక్షకురాలిగా ఒక కార్డు ఇస్తే ఆస్తి తగాదా తీరకపోవచ్చు గానీ, ఆసుపత్రి, బడి, బ్యాంకు పనులైనా సాగుతాయి.

పెంచలేని అవ్వకు వ్యవస్థ చూపే తేలిక దారి హాస్టలు. గురుకులాల్లో ప్రవేశం సాధారణంగా ఐదో తరగతి నుంచి, కస్తూర్బాలో ఆరో తరగతి నుంచి మొదలవుతుంది. పది పదకొండేళ్లు నిండిన పిల్లలకు అవి మంచి ఆసరా అనడంలో సందేహం లేదు. వాటివల్ల చదువుకున్న తరం ఈ జిల్లాల్లో కళ్లముందే ఉంది. అయితే బిడ్డ హాస్టల్లో చేరితే స్పాన్సర్‌షిప్ ఆగిపోవాలన్నది మార్గదర్శకాల్లోని నిబంధన. బిడ్డ తిండి హాస్టలు చూసుకుంటుంది కదా అన్నది వాళ్ల తర్కం. పండుగ సెలవులకు, ఎండాకాలం సెలవులకు, జబ్బు చేసి పంపించేసినప్పుడు బిడ్డ వచ్చేది అవ్వ దగ్గరికే కదా అన్న ప్రశ్న ఆ తర్కంలో లేదు. పదేళ్లలోపు పిల్లలకు మిగిలేది ప్రైవేటు ఆశ్రమాలు, బాలసదనాలు. బిడ్డను సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాకే చేయవలసిన పని అని బాలల న్యాయ చట్టం మూడో సెక్షను సూత్రంగానే చెప్పింది. ఆచరణలో సంస్థలో ఉన్న బిడ్డకు నిధులు ఠంచనుగా అందుతాయి, అవ్వ దగ్గర ఉన్న బిడ్డకు అందాలంటే అన్ని ఆఫీసులూ తిరగాలి.

ఈ ప్రాంతానికి ఈ విషయంలో ఒక చేదు అనుభవమూ ఉంది. 1999లోనూ 2001లోనూ దత్తత కేంద్రాల అక్రమాలు బయటపడినప్పుడు దేవరకొండ పరిసర తండాల నుంచి ఆడశిశువులను కొద్ది వేలకు కొని తరలించిన సంగతి దేశమంతా చర్చకు వచ్చింది. అప్పట్లో నింద మొత్తం తండా తల్లుల మీద పడింది. మూడో కాన్పులో, నాలుగో కాన్పులో పుట్టిన ఆడపిల్లను ఏ ఆసరాతో పెంచాలో చెప్పినవాళ్లు తక్కువ. ఆ తరువాత వచ్చిన శిశుగృహాలూ, వద్దనుకున్న బిడ్డను ఉంచే ఊయలలూ విడిచిపెట్టిన బిడ్డ ప్రాణం కాపాడాయి, అది అవసరమే. బిడ్డను విడిచిపెట్టకుండా తల్లిని నిలబెట్టే ఏర్పాటు మాత్రం అవి కాదు, కాలేవు కూడా.

ఇంటి బయట ఈ పిల్లల్ని చూస్తున్న రెండో వరుస అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకుల్లో మొదలైన ఈ వ్యవస్థ యాభై ఏళ్లు దాటినా, అందులో పనిచేసేవాళ్లు ఇప్పటికీ గౌరవ వేతనం తీసుకునే కార్యకర్తలే. కేంద్రం 2018 అక్టోబరులో టీచరుకు 4,500, ఆయాకు 2,250 రూపాయలుగా నిర్ణయించింది. తెలంగాణలో రాష్ట్రం వాటా కలిపి 2021 నుంచి టీచరుకు 13,650, ఆయాకు 7,800 రూపాయలు వస్తున్నాయి. వీరు ప్రభుత్వ పౌర పదవుల్లో ఉన్నవారు కారని సుప్రీంకోర్టు 2006లో అన్నది. 2022 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో అదే కోర్టు గ్రాట్యుటీ చట్టం వీరికి వర్తిస్తుందని తీర్పునిచ్చింది. 2023 సెప్టెంబరులో తెలంగాణ అంగన్‌వాడీ ఉద్యోగులు సమ్మెకు దిగినప్పుడు అడిగినవి ఇవే: కనీస వేతనం, గ్రాట్యుటీ, ఉద్యోగ భద్రత. సమ్మె రోజుల్లో కేంద్రాల తాళాలు పగలగొట్టించి వేరేవాళ్లతో నడిపించే ప్రయత్నాలు జరిగాయి. బిడ్డ ఏడుపు ఆపడం, బహిర్దేశానికి తీసుకెళ్లడం, పప్పు మెత్తగా ఉడికిందో లేదో చూడడం ఎవరైనా చేయగల పనులేనన్న అభిప్రాయం దాని వెనుక ఉంది. ఆయా ఖాళీ భర్తీకాని కేంద్రంలో ఒక్క వారం కూర్చుంటే ఆ అభిప్రాయం మారుతుంది. టీచరే వండాలి, టీచరే చదివించాలి, జబ్బ కొలతలు తీసి ఫోనులో ఎక్కించాలి, ఈలోగా ఇద్దరు పిల్లలు రోడ్డు మీదికి పోకుండా చూడాలి.

పని చేసే తల్లుల కోసం పిల్లల కేంద్రాలు ఉండాలన్న ఆలోచన చట్టాల్లో ఎప్పటినుంచో ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పని చోటికి చిన్నపిల్లలు ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది వస్తే వాళ్లను చూసేందుకు ఒక కూలీ స్త్రీని నియమించి ఆమెకు పూర్తి కూలి ఇవ్వాలని చెప్పింది. మట్టి తవ్వలేని పెద్దవయసు స్త్రీకి ఇది చక్కగా సరిపోయే పని. కాగితం మీద ఇంత మంచి నిబంధన పని చోట కనిపించింది అరుదు. చెట్టు కొమ్మకు చీరతో కట్టిన ఊయలే ఎక్కువ కనిపించింది. ఇప్పుడు కేంద్రం పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే క్రెష్, అంటే పగటిపూట పిల్లల్ని చూసుకునే కేంద్రం, నడపాలని, ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోవాలని అంటోంది. పత్తి, మిర్చి కోతల ఊళ్లకు గంటల సంఖ్య కన్నా ఏ గంటలన్నది ముఖ్యం. సాయంత్రం ఏడు వరకు తెరిచి ఉంచలేని క్రెష్ కూలి తల్లికీ అవ్వకూ సగమే ఉపయోగం.

మహిళా పొదుపు సంఘాల ద్వారా నడిచిన ఇందిరా క్రాంతి పథం రోజుల్లో గ్రామైక్య సంఘాలు తామే నడిపిన పోషకాహార, డే కేర్ కేంద్రాల అనుభవం ఇక్కడ పనికొస్తుంది. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఒక్కచోట కూర్చొని తినేవారు. వండేదీ, సరుకు కొనేదీ, లెక్క రాసేదీ సంఘం మహిళలే. నిధులు ఆగినచోట అవి మూతపడ్డాయి గానీ, ఎవరి పిల్లలు తిన్నారో ఎవరి ఇంట పొయ్యి వెలగలేదో వాడ ఆడవాళ్లకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదని అవి చూపాయి.

ఆ నమూనాను పూర్తిగా తిరిగి తేవాలని కాదు. గ్రామ సంఘం తరఫున ఊరికి ఒకరిద్దరు బదులు మనుషులను పెట్టుకునే వీలు కల్పించినా చాలా మారుతుంది. అవ్వ ఆసుపత్రికి పోయిన రోజున, ఆయా సెలవు పెట్టిన రోజున, పత్తి సీజనులో సాయంత్రాలు పిల్లల్ని చూసి రోజు కూలి తీసుకునే స్త్రీ ఆమె. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డను, అంటే జబ్బ చుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్ల కన్నా తక్కువ ఉండి జబ్బు కూడా చేసిన బిడ్డను, పోషకాహార పునరావాస కేంద్రంలో సుమారు రెండు వారాలు ఉంచాలి. చాలామంది అవ్వలు నాలుగో రోజే బిడ్డను తీసుకొని వచ్చేస్తారు. ఇంటి దగ్గర మిగతా ముగ్గురిని వదిలి ఆమె అక్కడ ఎలా కూర్చోగలదు? అక్కడి సిబ్బంది దీన్ని అవగాహన లోపంగా రాసుకుంటారు. ఆమెకు కావలసింది అవగాహన సదస్సు కాదు, ఇంటి దగ్గర పది రోజులు ఉండే మనిషి.

దాతలు, స్వచ్ఛంద సంస్థలు సాధారణంగా ఇచ్చే సాయం మీద కూడా ఒక మాట చెప్పాలి. పిల్లల్ని సాకుతున్న ఒంటరి స్త్రీలకు కుట్టు మిషన్లు, అగరుబత్తుల తయారీ శిక్షణ, గొర్రెపిల్లలు పంచడం పరిపాటి. ఫొటోకు బాగుంటుంది. పద్నాలుగు గంటలు పని చేస్తున్న మనిషికి ఆదాయ కల్పన పేరిట మరో రెండు గంటల పని అప్పగించడాన్ని ఆసరా అనడం ఎంతవరకు సబబు? గొర్రెపిల్లను మేపడానికి పోయేది మళ్లీ ఆ పెద్ద మనవరాలే. అదే సొమ్ముతో ఆమె కూలి రోజులు కొన్నింటిని కొనగలిగితే, అంటే నెలకు నాలుగైదు రోజులు పనికి పోకుండా పిల్లల దగ్గర ఉండే వీలు కల్పిస్తే, ఫలితం ఆ నెలలోనే కనిపిస్తుంది. పిల్లల బట్టలు, పుస్తకాల సంచులు ఇవ్వడం తప్పు కాదు, వాటికి అలవాటుపడిన దాతలు అవ్వ కీళ్ల నొప్పుల మందులకు, కంటి శుక్లాల ఆపరేషన్‌కు డబ్బివ్వడానికి ముందుకు రాకపోవడమే విచిత్రం. ఆమె చూపు బాగుంటేనే బియ్యంలో రాయి, బిడ్డ తలలో పుండు కనిపించేది.

నల్లమలలో పరిస్థితి వేరు. అమ్రాబాద్ అడవిలోని చెంచు పెంటలు, అంటే చెంచుల చిన్న ఆవాసాలు, కొన్ని పదుల గడపలు కూడా లేనివి. 150 మంది జనాభా ఉంటేనే మినీ అంగన్‌వాడీ అన్న పాత కొలమానం అక్కడ ఎన్నడూ సరిపోలేదు. అలాంటి చోట కేంద్రం కట్టడం కన్నా పెంటలోనే ఒక చెంచు మహిళకు నెల జీతమిచ్చి, సరుకు ఆమె ఇంటికి చేర్చడం మేలు. మైదానం నుంచి వచ్చే టీచరు వానకాలంలో ఎన్ని రోజులు అడవి దారి నడిచి రాగలదో అందరికీ తెలిసిందే.

డబ్బు ఎక్కడిది అన్న ప్రశ్నకు జవాబు కొంత వలసలోనే ఉంది. భవన నిర్మాణ వ్యయం మీద 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడాలని 1996లోనే చట్టం వచ్చింది. వసూలైన వేల కోట్లు ఖర్చు కాకుండా పడి ఉన్నాయని సుప్రీంకోర్టు 2018 మార్చి తీర్పులో రాష్ట్రాలను గట్టిగా తప్పుపట్టింది. కోస్గి కూలీ ముంబయిలో కట్టిన అంతస్తుల సెస్సు మహారాష్ట్ర బోర్డుకు జమ అవుతుంది. అతడి పిల్లల్ని పెంచుతున్న అవ్వ ఉండేది తెలంగాణలో. అక్కడి బోర్డులో పేరు నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపాలి, గుంపులో పనిచేసేవాడికి ఆ కాగితం రాసిచ్చే యజమాని ఉండడు. రెండు రాష్ట్రాల బోర్డులు ఒప్పందం చేసుకొని, వలస కార్మికుడి నమోదును ఊరి పంచాయతీ ధ్రువీకరణతోనే ఒప్పుకొని, సంక్షేమ వాటాలో ఒక భాగాన్ని ఊళ్లో పిల్లల్ని చూస్తున్న స్త్రీ ఖాతాకు మళ్లించడానికి కొత్త పన్ను అక్కరలేదు. గుంపు మేస్త్రీల దగ్గర ఎవరెవరు ఏ సైటుకు వెళ్లారన్న జాబితా ప్రతి ఏటా ఉంటుంది, అడ్వాన్సు లెక్క కోసం వాళ్లు దాన్ని పైసాతో సహా రాసుకుంటారు. నమోదు మొదలుపెట్టడానికి కార్మిక శాఖకు ఆ చిట్టాలు చాలు.